‘ఓ సనమ్’ అరిగిపోయింది, మిగతావి కొత్తగానే ఉన్నాయి

హిందీ పాప్ గాయకుడు లక్కీ అలీ మొదటి ఆల్బమ్ ‘సునో’ క్యాసెట్ నా దగ్గర 1997 నుంచి ఉంది. 1990లలో కేబుల్ టీవీ ఉన్న ఇంట్లో పెరిగినవారికి అతను ఎవరో, ఎలా పాడతాడో చెప్పనక్కర్లేదు కనుక ఆ పరిచయం వదిలేస్తున్నాను. ఇన్నేళ్లు విన్నాక నాకు మిగిలిన ఫిర్యాదు ఒక్కటే, అందులోని ‘ఓ సనమ్’. ఆ పాట మరీ బాగుంది. అంత బాగుండకపోతే ఈ క్యాసెట్‌ను నేను 17 ఏళ్లు ముందే పూర్తిగా విని ఉండేవాణ్ని.

నమ్మనివారు మా ఇంటికి వచ్చి వినవచ్చు. క్యాసెట్‌లో టేపు సెకనుకు దాదాపు 4.76 సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. నాలుగైదు నిమిషాల పాట అంటే పదకొండు నుంచి పద్నాలుగు మీటర్ల టేపన్నమాట. నా క్యాసెట్‌లో ఆ కాస్త టేపుదీ ఒక బతుకు, మిగతాదానిది మరో బతుకు. టేపును చదివే హెడ్‌కు రాసుకుని రాసుకుని ‘ఓ సనమ్’ దగ్గర పైపూత పలచబడింది. అలా అరిగినప్పుడు ముందు పోయేవి సన్నని, పదునైన ధ్వనులే. అందుకే గిటారు తీగల మెరుపు పోయింది, గొంతు పక్కగదిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. హెడ్‌ను స్పిరిట్ అద్దిన దూదితో తుడిచినప్పుడల్లా దూదికి అంటుకునే గోధుమరంగు పొడిలో సగానికి సగం ఆ పాటదేనని నా అనుమానం.

దీనిలో ఒక తమాషా ఉంది. ‘ఓ సనమ్’ అయిపోయి తరువాతి పాట మొదలవగానే మేము ఆపి వెనక్కి తిప్పేవాళ్లం. ఎంత తొందరపడినా రెండు మూడు సెకన్లు ఆ పాట వినిపించేది. అందువల్ల ఆ రెండు మూడు సెకన్లూ అరిగాయి. ఇప్పుడు ఆ పాట మసకగా మొదలై, ఒక్కసారిగా కిటికీ తలుపు తీసినట్టు తేటపడుతుంది. సరిగ్గా అక్కడే మా వేళ్లు బటన్ మీద పడేవి. హాస్టల్లో నలుగురం నాలుగేళ్లపాటు ఒకే పాట విన్నామనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కొన్నది జగదాంబ కూడలి దగ్గర ఒక దుకాణంలో, యాభై చిల్లర రూపాయలకు. విశాఖలో హిందీ క్యాసెట్లకు ఎప్పుడూ కరువు లేదు. నేవీ వాళ్లు, ఉక్కు కర్మాగారం వాళ్లు, రైల్వే వాళ్లు దేశం నలుమూలల నుంచీ వచ్చి ఉండే ఊరు. నేను అప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండేవాణ్ని. అలీషా చినాయ్ ‘మేడ్ ఇన్ ఇండియా’, దలేర్ మెహందీ ‘బోలో తా రా రా’ 1995 నుంచి పెళ్లి పందిళ్లలో కూడా హోరెత్తుతున్నాయి. ఆ హోరులోకి ఇతను వచ్చి, అన్నం తిని అరుగుమీద కూర్చున్నవాడిలా తాపీగా పాడాడు. గిటారు ఒకటి మోగుతూ ఉంటుంది, మధ్యలో బోలెడంత ఖాళీ. ఆ ఖాళీ మాకు కొత్త.

అందరికీ నచ్చిందని చెప్పను. బాలు పాటలతో పెరిగిన చెవులు మావి. గొంతు విప్పకుండా, చరణంలో పైకి ఎక్కకుండా పాడితే అది పాటేనా అని సగం హాస్టల్ ఎగతాళి చేసింది. మా నాన్న సెలవుల్లో ఒకసారి విని, “మెహమూద్ కొడుకంటే నవ్విస్తాడనుకున్నాను. ఇతను ఏడవడానికి కూడా బద్ధకిస్తున్నాడే” అన్నారు. లక్కీ అలీ తండ్రి మెహమూద్ హిందీ సినిమాల్లో పేరున్న హాస్యనటుడు. టీవీ గదిలో మాత్రం ‘ఓ సనమ్’ వీడియో వచ్చిందంటే ఎగతాళి చేసేవాళ్లు కూడా కదిలేవారు కాదు. మహేశ్ మథాయ్ ఈజిప్టులో తీసిన వీడియో అది. ఇసుక, పిరమిడ్లు, గత జన్మ ప్రేమ. మాలో ఇద్దరు అరువు గిటారు పట్టుకుని భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లి, అదే భంగిమలో ఫోటోలు దిగి వచ్చారు. గిటారుకు రెండు తీగలు లేవు. ఫోటోలో తెలియలేదు లెండి.

మెచ్చుకున్నవాళ్లదీ, వెక్కిరించినవాళ్లదీ తీర్పు ఒకే పాట మీద. మిగతా పాటలు ఎలా ఉన్నాయని ఎవరైనా అడిగితే “అన్నీ బాగుంటాయి” అనేవాణ్ని. వింటే కదా.

విన్నది 2014లో. అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను మా ఊరి మీదే తీరం దాటింది. ఆ రోజు సంగతి విశాఖవాసులకు చెప్పనక్కర్లేదు, ఇతరులకు చెప్పినా అర్థం కాదు. మా పెదవాల్తేరు వీధిలో నిలబడి ఉన్న చెట్టు ఒక్కటి లేదు. ఫోన్లు మూగబోయాయి. కరెంటు లేదు కనుక మోటారు లేదు, మోటారు లేదు కనుక మూడో అంతస్తుకు నీళ్లు బిందెలతోనే. వార్తలు వినాలని అటక మీది పాత టూ ఇన్ వన్, అంటే రేడియో, క్యాసెట్ ప్లేయరు కలిసిన పెట్టె, దింపాను. దానికి ఆరు టార్చిలైటు సెల్లులు పడతాయి. రెండింతల ధర పెట్టి ఆరంటే ఆరే దొరికాయి. దాని లోపల, ఎప్పుడు పెట్టి మరిచిపోయానో, ‘సునో’ క్యాసెట్ ఉంది.

సెల్లుల లెక్క మా ఆవిడ చేతిలోకి వెళ్లింది. ఉదయం, సాయంత్రం వార్తలు; రాత్రి భోజనాలయ్యాక క్యాసెట్ ఒక వైపు. వెనక్కి తిప్పడం, ముందుకు పరుగెత్తించడం పూర్తిగా నిషేధం, వాటికి మోటారు ఎక్కువ సెల్లు తింటుంది. ఒక వైపు అయితే మరునాడు రెండో వైపు పెట్టుకోవాలి, అంతే. ఇంట్లో ఉక్కపోత భరించలేక మెట్ల మీద చేరేవాళ్లం. కింది వాటా మామ్మగారు, ఆవిడ మనవడు, ఎదురు వాటాలో ఉండే నేవీ రిటైర్డ్ పెద్దమనిషి, ఆయన సొంతూరు కాన్పూరు వైపు. ఒక కొవ్వొత్తి.

మొదటి రాత్రి ‘ఓ సనమ్’ వచ్చింది, పోయింది. నా వేలు అలవాటు ప్రకారం లేచింది. మా ఆవిడ చూపు చూసి దిగింది. తరువాతి పాట మసకగా మొదలై మూడో సెకనులో తేటపడింది. అంత తేటగా వస్తుందని నేను అనుకోలేదు. తీగ మీద వేలు జారిన చిన్న చప్పుడు కూడా వినిపించింది. 17 ఏళ్లుగా నా దగ్గరే ఉన్న పాటను ‘ఇది ఎవరి పాట’ అన్నట్టు విన్నాను. “ఇందాకటిదాని కన్నా ఇది నయం నాయనా” అన్నారు మామ్మగారు. ఆవిడకు హిందీ ఒక్క ముక్క రాదు.

‘మిలేగీ మిలేగీ మంజిల్’ దగ్గర నా పరువు పోయింది. మంజిల్ అంటే మేడ అనే నేను అప్పటిదాకా అనుకున్నాను. ఊళ్లో ఎన్ని మేడల మీద ఆ మాట రాసి ఉండదు? అందుకే అద్దె ఇంటి కోసం తిరిగిన రోజుల్లో ‘దొరుకుతుంది, దొరుకుతుంది ఇల్లు’ అని అర్థం చెప్పుకుని ఆ పల్లవి ధైర్యంగా పాడుకునేవాణ్ని. పేరుకే తెలిసిన పాట, పల్లవికి మించి రాదు. నేవీ పెద్దమనిషి మెట్లు అదిరేలా నవ్వి, “గమ్యం సార్, గమ్యం” అన్నారు. తరువాత కాసేపు ఆగి, “అయినా మీ అర్థమే బాగుంది” అన్నారు. అది మర్యాదకో, నిజానికో తెలియదు.

‘సునో’ అనే పాట, అదే ఆల్బమ్ పేరు పాట, నాకు మిగిలిన పెన్నిధి. దాన్ని గురించి ఎక్కువ రాయను. మెట్ల మీద అందరూ నిశ్శబ్దంగా ఉండి, బయట ఎక్కడో రంపంతో చెట్టు కోస్తున్న చప్పుడు మధ్యలో ఆ గొంతు వినడం మళ్లీ కుదిరేది కాదు. ‘విను’ అని అడిగి, అరవకుండా చెప్పేవాడి మాట వినాలంటే చుట్టూ అంత నిశ్శబ్దం కావాలి. హాస్టల్లో అది ఎక్కడిది?

అయిదో రాత్రి ఇంకొకటి జరిగింది. సెల్లులు నీరసించాయి. మామూలు క్యాసెట్ అయితే గాయకుడి గొంతు రాక్షసుడిలా సాగి వెంటనే దొరికిపోతుంది. ఇక్కడ ఎవరికీ తెలియలేదు. ‘తుమ్ హీ సే’ నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా, బొంగురుగా పోతూ ఉంటే మేము తలలు ఊపుతూ కూర్చున్నాం. చివరికి మామ్మగారి మనవడు, “అంకుల్, ఇతనికి జ్వరం వచ్చిందా?” అని అడిగాడు. అప్పుడు ఆపాం. మా వీధికి కరెంటు తొమ్మిదో రోజున వచ్చింది.

ఇంత పొగిడాను కనుక కొన్ని వెనక్కి తీసుకోవాలి. హాస్టల్లో నేను “అంతా తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని పాడాడు” అని ఊదరగొట్టేవాణ్ని. క్యాసెట్ పెట్టెలోని కాగితం అప్పుడు చదవలేదు, కొవ్వొత్తి వెలుగులో చదివాను. చాలా పాటల మాటలు సయ్యద్ అస్లమ్ నూర్‌వి. నేను ప్రేమించిన ఆ ఖాళీ, ఆ గిటారు పొందిక వెనుక న్యూజిలాండ్‌కు చెందిన మైకీ మెక్‌క్లియరీ చెయ్యి చాలా ఉంది. బాణీలు, గొంతు అలీవి. అతని గొప్ప తగ్గిందని కాదు గాని, నా ప్రచారంలో సగం తప్పు.

రెండోది, వరుసగా విన్నప్పుడు పాటలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. మెట్ల మీద అది హాయిగా ఉంది. కారులో అయితే నిద్ర వస్తుంది. భోగాపురం దారిలో ఒకసారి అనుభవమైంది, ఆ తరువాత కారులో పెట్టడం మానేశాను. రెండో ఆల్బమ్ ‘సిఫర్’ 1998లో వచ్చింది. అదే పరిణతి చెందినదనే స్నేహితులతో ఒకప్పుడు రాత్రంతా వాదించాను. ఇప్పుడు వాదించను.

2020 నవంబరులో మా మేనల్లుడు గాజువాక నుంచి ఒక వీడియో పంపాడు. గోవాలోని ఆరంబోల్‌లో, నెరిసిన గడ్డంతో, 62 ఏళ్ల లక్కీ అలీ గిటారు పట్టుకుని పాడుతున్నాడు. నటి నఫీసా అలీ పెట్టిన ఆ వీడియో దేశమంతా తిరిగింది. మా వాడు 1996లో పుట్టనే లేదు, “మావయ్యా, ఎంత బాగా పాడుతున్నాడో” అని రాశాడు. ఏం పాడాడో చెప్పాలా? ‘ఓ సనమే’. విన్నాను. బాగుంది. గొంతు అరిగి, నా టేపులో ఉన్నట్టే మసకగా, ఇంకా దగ్గరగా ఉంది. కళ్లు కూడా చెమర్చాయి, ఒప్పుకుంటాను. వెంటనే వాడికి ‘సునో’ పాట పంపాను. నీలిరంగు గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. వారం తరువాత ఫోన్ చేస్తే, “స్లోగా ఉంది మావయ్యా” అన్నాడు.

కనుక అందరూ వినండి అని చెప్పే ధైర్యం నాకు లేదు. నాకు హిందీ అంతంతమాత్రం, ఆ సంగతి పైన రుజువైంది. హిందీ బాగా వచ్చినవారికి ఈ మాటలు పలచగా అనిపించవచ్చు. నేవీ పెద్దమనిషికి అనిపించాయి కూడా, “మంచివే, కానీ మా వైపు ఇంతకన్నా చిక్కగా రాస్తారు” అన్నారు. నాకు గొంతు ఎత్తకుండా పాడుకోగలిగే పాటలు కావాలి, నా గొంతు అంతే. పైగా తుపాను తరువాతి మెట్ల మీద విన్నవాడి చెవులు నావి. ఏసీ గదిలో, ఫోనులో విని “ఇందులో ఏముంది” అంటే నేను నొచ్చుకోను.

ఇప్పుడు టూ ఇన్ వన్ బెల్టు సాగిపోయింది, కొత్తది దొరకడం లేదు. సముద్రపు తేమకు క్యాసెట్ అంచున తెల్లగా బూజు కనిపించింది, బియ్యపు డబ్బాలో పెట్టాను. ఫోనులో ఉన్న పాటలు శుభ్రంగా ఉన్నాయి, ‘ఓ సనమ్’ గిటారు మెరుపుతో సహా. దాన్ని అంత శుభ్రంగా వింటే నాకు వేరెవరిదో క్యాసెట్ అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది.

పాత క్యాసెట్ ఎక్కడైనా దొరికి కొనాలనుకునేవారికి ఒక మాట. దుకాణంలో ‘ఓ సనమ్’ పెట్టి చూసి, పోయిందని వదిలేయకండి. ఆ లెక్కన బాగున్న క్యాసెట్ దేశంలో ఒక్కటీ దొరకదు. దాని తరువాతి పాట వచ్చేదాకా ఆగి వినండి. మొదటి మూడు సెకన్లు లెక్కలోకి తీసుకోకండి.