డెజర్ట్ ఈగిల్ .50: నాలుగేళ్ళు, 860 తూటాల తర్వాత

షూటింగ్ రేంజ్‌లో ఈ డెజర్ట్ ఈగిల్ పిస్టల్‌ని పెట్టెలోంచి తీయగానే పక్క లేన్ల వాళ్ళు కాల్చడం ఆపి ఇటు చూస్తారు. వాళ్ళలో తెలుగువాళ్ళెవరైనా ఉంటే నేను సర్దుకునేదాకా ఆగి దగ్గరికొస్తారు. అడిగేవి రెండే: "ఎంత పడింది అన్నా? కొనొచ్చా?" ఎంత పడిందో చెప్పడం తేలిక. 2021 చివర్లో, డాలస్‌కి ఉత్తరాన మేముండే ఊళ్ళో, టాక్స్‌తో కలిపి 2,000 డాలర్లు దాటింది. కొనొచ్చా అన్నదానికి మాత్రం అక్కడ నిలబడి చెప్పేంత చిన్న జవాబు లేదు. అందుకే నాకు తెలిసినంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

నాది మార్క్ 19 మోడల్. నలుపు రంగు, ఆరంగుళాల బ్యారెల్ (గొట్టం), .50 యాక్షన్ ఎక్స్‌ప్రెస్ తూటా, అంటే అర అంగుళం వ్యాసమున్న బుల్లెట్. ఇప్పటికి ఆ తూటాలు 860 కాల్చాను. సేఫ్ తలుపు లోపలి వైపు ఒక చిన్న నోటుబుక్ వేలాడదీశాను. రేంజ్ నుంచి రాగానే తేదీ, ఎన్ని కాల్చానో, తూటా ఎన్నిసార్లు ఇరుక్కుందో అందులో రాస్తాను. ఈ అంకెలన్నీ అందులోవే.

మా తరంలో ఇంజనీరింగ్ హాస్టల్లో ఉండి కౌంటర్‌స్ట్రైక్ అనే కాల్పుల వీడియోగేమ్ ఆడనివాళ్ళు తక్కువ. 2004లో వరంగల్‌లో మా వింగ్ కుర్రాళ్ళం గదికీ గదికీ వైర్లు లాగి తెల్లారేదాకా ఆడేవాళ్ళం. ఆ ఆటలో దీని ధర 650 డాలర్లు, మ్యాగజైన్‌లో (పిడిలోకి దూర్చే తూటాల పెట్టెలో) 7 తూటాలు. రైఫిల్‌కి సరిపడా డబ్బున్నా మా రూమ్మేట్ దీన్నే కొనేవాడు. 7 తూటాలన్నది అచ్చంగా నిజం. ధరే మూడింతలు.

ఆట జ్ఞాపకం ఒక్కటే అయితే అంత డబ్బు పెట్టేవాణ్ణి కాదు. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమైనా నేను చదివింది మెకానికల్. దీని లోపలి భాగాలు కోసి చూపించిన బొమ్మ ఒకటి చూసిన రోజు నుంచి మనసు దీని మీదే ఉండిపోయింది. మామూలు 9 ఎం.ఎం. పిస్టల్‌లో తూటా పేలగానే బ్యారెల్, స్లైడ్ (వెనక్కీ ముందుకీ జరిగే పై భాగం) కలిసి కాస్త వెనక్కి జరుగుతాయి, ఆపైన బ్యారెల్ వెనక భాగం కిందికి వాలి స్లైడ్‌ని వదిలేస్తుంది. ఇందులో అలా కాదు. బ్యారెల్ అసలు కదలదు. పేలిన మందు గ్యాసులో కొంత, తూటా కూర్చునే అరకి దగ్గర్లో ఉన్న సన్నటి రంధ్రంలోంచి బ్యారెల్ కిందున్న దారిలోకి దిగుతుంది. మూతి వైపు దాకా పోయి అక్కడున్న పిస్టన్‌ని వెనక్కి నెడుతుంది. పిస్టన్ స్లైడ్‌ని తోస్తుంది, స్లైడ్ జరుగుతూ, ఆ అరని వెనక నుంచి మూసి ఉంచే బోల్ట్‌ని తిప్పుతుంది, అప్పుడు గానీ తాళం విడదు. గ్యాసు ముందుకు పోయి పని మొదలుపెట్టే ఆ కాస్త వ్యవధిలో బుల్లెట్ బ్యారెల్ దాటిపోతుంది, లోపలి ఒత్తిడి దిగిపోతుంది. ఇది రైఫిల్ పద్ధతి. ఏఆర్-15 రైఫిల్‌లో ఉండేదీ ఇలా తిరిగే బోల్టే. దాన్ని చేతిలో పట్టుకునే పిస్టల్‌లో ఇమిడ్చారంటే, మెషీన్ డిజైన్ క్లాసులు ఇష్టంగా విన్నవాడిగా నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మాగ్నమ్ రీసెర్చ్ అనే మిన్నెసోటా కంపెనీ దీని వెనక ఉంది. తొలి రోజుల్లో ఇజ్రాయెల్ మిలిటరీ ఇండస్ట్రీస్ వాళ్ళు తయారుచేసేవాళ్ళు. ఇప్పుడు మిన్నెసోటాలోనే పిల్లేజర్ అనే చిన్న ఊళ్ళో తయారవుతోంది. .50 తూటా 1988లో యాక్షన్ ఆర్మ్స్‌లో పనిచేసిన ఇవాన్ విల్డిన్ రూపొందించినది.

కొనాలనుకునే మనవాళ్ళు ధర కన్నా ముందు తమ వీసా చూసుకోవాలి. హెచ్-1బి, ఎఫ్-1, పర్యాటక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉంటే కొనుక్కోవచ్చు. షాపులో నింపే ఫారం 4473 ఈ సంగతి సూటిగా అడుగుతుంది, అందులో అబద్ధం రాస్తే అదింకో నేరం. మా బావమరిది ఎఫ్-1 మీద ఉన్నాడు. "ఒక్కసారి రేంజ్‌కి తీసుకెళ్ళు బావా, నాలుగు రౌండ్లు కాల్చి వచ్చేస్తాను" అని ఎన్నిసార్లు అడిగాడో. తీసుకెళ్ళలేదు, తీసుకెళ్ళను. వాడి చదువు, వాడి భవిష్యత్తు నాలుగు రౌండ్ల కోసం పణంగా పెట్టలేను. మొన్న వేసవిలో మా నాన్నగారు వచ్చినప్పుడు కూడా సేఫ్ తెరిచి దూరం నుంచే చూపించాను.

ఇక తుపాకీ సంగతి. ఖాళీగా ఉన్నప్పుడే రెండు కిలోలు. నా దగ్గరున్న 9 ఎం.ఎం. పిస్టల్ ఖాళీ మ్యాగజైన్‌తో కలిపి 700 గ్రాములు. చదివితే అంకెలే అనిపిస్తాయి గానీ, చేతులు చాచి రెండు మ్యాగజైన్లు కాల్చేసరికి మూతి కిందికి వాలడం మొదలవుతుంది. పిడి చుట్టుకొలత కూడా ఎక్కువే, ఎందుకంటే అంత పొడుగు తూటా పిడిలోనే పట్టాలి. నా చెయ్యి మధ్యరకం. పిడి సరిగ్గా పట్టుకుంటే ట్రిగ్గర్ మీద వేలి కొసే ఆనుతుంది, వేలు సరిగ్గా ఆనించుకుంటే పిడి పక్కకి తిరుగుతుంది. మా ఆవిడ ఒక్కసారి పట్టుకుని, స్లైడ్ వెనక్కి లాగబోయి, సగంలో వదిలేసింది. చిన్న చేతులున్నవాళ్ళు షాపులో ఈ రెండూ చేసి చూడకుండా డబ్బు కట్టొద్దు.

వెనక్కి తన్నడం గురించి అందరూ భయపెడతారు. నా అనుభవం వేరు. మొదటి తూటాకి నేను పళ్ళు బిగించుకుని ఉన్నాను. వచ్చింది చురుకైన దెబ్బ కాదు, గుమ్మంలో ఎదురైన మనిషి రెండరచేతులతో గట్టిగా తోసినట్టు ఉంది. బరువు, గ్యాసు పద్ధతి రెండూ కలిసి ఆ దెబ్బని మెత్తబరుస్తాయి. 9 ఎం.ఎం. కన్నా దాదాపు నాలుగు రెట్ల శక్తి ఉన్న తూటాకి ఇది తక్కువే. అయినా 40 దాటితే మణికట్టు లాగేస్తుంది. నోటుబుక్‌లో చూస్తే ఏ రోజూ 60 మించి కాల్చలేదు.

భయపడాల్సింది చప్పుడుకి. ఇండోర్ రేంజ్‌లో గోడలు తిరగ్గొట్టే ఆ శబ్దం ఛాతీలో తెలుస్తుంది. చెవుల్లో ఫోమ్ ముక్కలు, వాటి మీద మఫ్‌లు, రెండూ ఉండాల్సిందే. ఒకసారి మఫ్‌లు మాత్రమే పెట్టుకుని ఒక మ్యాగజైన్ కాల్చాను. ఆ రాత్రంతా ఎడమ చెవిలో ఈల మోగుతూనే ఉంది. అప్పట్నుంచి కాలం బాగుంటే బయటి రేంజ్‌కే వెళ్తున్నాను. టోపీ కూడా పెట్టుకోండి. ఖాళీ ఇత్తడి కేసులు అప్పుడప్పుడు నేరుగా నుదుటి మీదికే వస్తాయి, అవి కాలుతూ ఉంటాయి.

మొదటి 100 తూటాల్లో 11 సార్లు ఇరుక్కుంది. డబ్బు పోసి చెత్త కొన్నానేమోనని రెండు వారాలు నిద్రపట్టలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు రేంజ్‌లో కాపలా చూసే పెద్దాయన నా వెనక నిలబడి రెండు మ్యాగజైన్లు గమనించాడు. నేను పట్టుకునే తీరే తప్పని తేల్చాడు. బరువు మొయ్యలేక ఎడమ చెయ్యి పిడి అడుగున ఆనిస్తున్నాను. ఇందులో మ్యాగజైన్ బిగుసుకుని కూర్చోదు, లోపల కాస్త ఆడుతూ ఉండాలి. అడుగు నుంచి పైకి నొక్కితే తర్వాతి తూటా సరిగ్గా ఎక్కదు. పైగా మణికట్టు వదులుగా ఉంటే స్లైడ్ పూర్తి దూరం వెనక్కి పోదు. తుపాకీతో వచ్చిన పుస్తకంలో మ్యాగజైన్ అడుగు నొక్కొద్దని ఉంది. నేను చదవలేదు. చేతులు మార్చాక, ఆ తర్వాతి 760లో ఇరుక్కున్నది 9 సార్లు. అందులో 6, ఒకే బ్యాచ్ చవక తూటాలతో.

ఆ తూటాల సంగతికొస్తే, అసలు ఖర్చంతా అక్కడే ఉంది. 20 ఉన్న బాక్సుకి నేను 40 నుంచి 60 డాలర్ల దాకా పెట్టాను. నేను కొన్నప్పుడు అమెరికా అంతటా తూటాల కొరత. దొరికిన రోజే కొనాల్సి వచ్చేది. ఇప్పటిదాకా 45 బాక్సులు కొన్నాను. సగటున 50 వేసుకున్నా 2,250 డాలర్లు, అంటే తుపాకీ ధర దాటిపోయింది. ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కితే రెండున్నర డాలర్లు. అదే 9 ఎం.ఎం. అయితే పావలా, ముప్ఫై సెంట్ల పని. తుపాకీ కోసం డబ్బు కూడబెట్టేవాళ్ళు మొదటి ఏడాది తూటాలకి కూడా కలిపి కూడబెట్టుకోవాలి. లేకపోతే 2,000 డాలర్ల వస్తువు సేఫ్‌లో ఊరికే పడి ఉంటుంది. అలా పడి ఉన్నవి, ఒక్క బాక్సు కూడా కాల్చని సెకండ్ హ్యాండ్‌వి, షాపుల్లో నేనే చూశాను.

ఇంకో ముఖ్యమైన మాట: పైన రాగి తొడుగు లేని సీసం బుల్లెట్లు దీంట్లో వాడకూడదు. సీసం ఒరుసుకుపోయి ఆ గ్యాసు రంధ్రంలో పేరుకుంటుంది. అది మూసుకుపోతే పిస్టల్ ఆగిపోయినట్టే. నాకు హార్నడీ కంపెనీ వాళ్ళ 300 గ్రెయిన్ల (అది బుల్లెట్ బరువు) ఎక్స్‌టీపీ తూటాలతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

శుభ్రం చేయడానికి ప్రతిసారీ గంట పడుతుంది. పిస్టన్ మీద మసి గట్టిగా పట్టేస్తుంది, గీకాలి. నాకది ఆదివారం మధ్యాహ్నపు పని, ఇష్టంగానే చేస్తాను. అది విసుగనుకునేవాళ్ళకి ఈ తుపాకీ సరిపడదు.

ఇంటి రక్షణ కోసం ఇది కొనాలనుకుంటున్నానని ఎవరైనా అంటే నేను గట్టిగా వద్దంటాను. చీకట్లో నిద్రమత్తులో రెండు కిలోల బరువెత్తి, మూసిన గదిలో చెవులకేమీ లేకుండా ఆ చప్పుడు భరించి, ఏడే తూటాలతో, గోడ అవతల పిల్లలు పడుకుని ఉండగా... ఆలోచిస్తేనే గుండె బరువెక్కుతుంది. ఆ పనికి మా ఇంట్లో 9 ఎం.ఎం. ఉంది. డెజర్ట్ ఈగిల్ అయితే మంచం పక్కనున్న, వేలిముద్రతో తెరుచుకునే చిన్న పెట్టెలో పట్టనే లేదు. పొడుగు 27 సెంటీమీటర్లు. "దీనికోసం మళ్ళీ సేఫ్ కూడా కొనాలా?" అంది మా ఆవిడ. కొనాల్సిందే. 17 ఏళ్ళలోపు పిల్లలకి తూటాలున్న తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేస్తే టెక్సాస్‌లో అది నేరం. చట్టం లేకపోయినా మా ఇద్దరు పిల్లల మొహాలు చూస్తే తాళం వెయ్యకుండా ఎలా ఉంటాను? ఆ సేఫ్ ఖర్చు కూడా మీ లెక్కలో వేసుకోండి.

ఇన్ని చెప్పాక, అమ్మేశానా అంటే, లేదు. కానీ ఒక మార్పు చేశాను, నన్నడిగితే ఈ సమీక్షలో పనికొచ్చే ముక్క ఇదే. బ్యారెల్ స్థిరంగా ఉండే నిర్మాణం కాబట్టి మార్క్ 19లో బ్యారెల్ నిమిషంలో ఊడుతుంది. .50 తూటా అడుగు అంచుని కావాలనే సన్నగా, .44 మాగ్నమ్ అనే మరో తూటా అంచుకి సరిపోయేలా చేశారు. అందువల్ల రెండింటికీ ఒకే బోల్ట్ సరిపోతుంది. .44కి మారాలంటే ఆ బ్యారెల్, ఆ మ్యాగజైన్ ఉంటే చాలు. (.357 తూటాకి అయితే బోల్ట్ కూడా మార్చాలి.) నిరుడు కొన్ని వందల డాలర్లు పెట్టి .44 బ్యారెల్ కొన్నాను. మ్యాగజైన్‌లో 8 పడతాయి. తూటా ధర సగానికి దిగింది. అంత బరువైన పిస్టల్‌లో .44 తన్నడం చాలా మెత్తగా ఉంటుంది, 100 కాల్చినా మణికట్టు మాట్లాడదు. 25 గజాల దగ్గర నా గురి ఎప్పుడూ లేనంత బాగుపడింది. గ్యాసు, పిస్టన్, తిరిగే బోల్ట్, నేను ప్రేమించినవన్నీ అలాగే ఉన్నాయి. మళ్ళీ మొదటి నుంచి కొనాల్సి వస్తే నేరుగా .44 కొంటాను; .50 బ్యారెల్ గురించి ఆ తర్వాత ఆలోచిస్తాను.

మొదటి తుపాకీగా ఇది కొనొద్దు. 9 ఎం.ఎం.తో ఒక ఏడాది చెయ్యి కుదిరాక, దీన్ని అద్దెకిచ్చే రేంజ్ వెతుక్కుని రెండు మ్యాగజైన్లు కాల్చండి. ఇంటికెళ్ళాక వారం తర్వాత కూడా మీరు తలుచుకుంటున్నది చప్పుడు, మంట అయితే, అద్దెకే తెచ్చుకుంటూ ఉండండి. ఏడాదికి రెండుసార్లు చాలు. అది లోపల ఎలా పనిచేస్తుందో మళ్ళీ విప్పి చూడాలనిపిస్తుంటే మాత్రం కొనండి. ఆ డబ్బుకి నేను ఒక్క రోజు కూడా బాధపడలేదు.

.50 బ్యారెల్‌కి నూనె పట్టించి, గుడ్డలో చుట్టి సేఫ్ పై అరలో పెట్టాను. రెండు బాక్సులు మిగిలాయి, 40 తూటాలు. వరంగల్ రూమ్మేట్‌కి మొన్ననే గ్రీన్‌కార్డు వచ్చింది. థ్యాంక్స్‌గివింగ్‌కి న్యూజెర్సీ నుంచి వస్తున్నాడు. అవి వాడి కోసం ఉంచాను.