చిన్న వయసులో తుంటి ఆపరేషన్: రీసర్ఫేసింగా, పూర్తి మార్పిడా? ఏది మేలు?

35, 40 ఏళ్ల మనిషికి తుంటి కీలు మార్చాలన్నారంటే ఇంట్లోవాళ్లు ముందు అడిగేది "ఎన్నేళ్లు వస్తుంది?" అని. ఆ వెంటనే "మళ్లీ చేలోకి దిగొచ్చా, కింద కూర్చోవచ్చా?" అని. రీసర్ఫేసింగ్‌లో ఎముక కోసెయ్యరని, పరుగెత్తడానికి కూడా పనికొస్తుందని ఎవరో చెప్పగా విని, అదే కావాలని పట్టుబట్టేవాళ్లూ ఉన్నారు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: గోదావరి డెల్టాలో చిన్న వయసులో తుంటి అరిగినవాళ్లలో ఎక్కువమందికి పూర్తి మార్పిడే మేలు. దానికి కారణం వాళ్ల ఎముకలోనే ఉంది.

పూర్తి మార్పిడిలో తొడ ఎముక పైనున్న బంతిని మెడ దగ్గర, అంటే బంతికి కిందున్న సన్నటి ఎముక దగ్గర, కోసి తీసేస్తారు. ఎముక గొట్టంలోకి టైటానియం కాడ దిగ్గొట్టి, దానిమీద కొత్త బంతి పెడతారు. కటి ఎముక వైపు గుంటను చెక్కి కప్పు బిగిస్తారు. రీసర్ఫేసింగ్‌లో బంతిని కొయ్యరు. చుట్టూ చెక్కి, కోబాల్ట్-క్రోమియం లోహపు తొడుగును సిమెంటుతో అతికిస్తారు. గుంటలో పెట్టే కప్పు కూడా అదే లోహం. అంటే లోహం మీద లోహం తిరుగుతుంది. తొడుగు నిలవాలంటే కింద మిగిలిన ఎముక బతికుండాలి, గట్టిగా ఉండాలి.

చిక్కంతా అక్కడే. మన దేశంలో చిన్న వయసువాళ్ల తుంటి పాడవడానికి పెద్ద కారణం ఏవీఎన్, అంటే రక్తం అందక బంతిలో ఎముక చచ్చిపోవడం. మద్యం అలవాటు, ఆయాసానికో కీళ్లనొప్పులకో ఏళ్లతరబడి వాడిన స్టెరాయిడ్లు, తొడ ఎముక మెడ విరిగిన పాత దెబ్బ దీనికి దారితీస్తాయి. నొప్పి గజ్జల్లో మొదలై మోకాలికి పాకుతుంది కాబట్టి చాలామంది ముందు మోకాలికి ఎక్స్‌రే తీయించుకుంటారు. తుంటి ఎక్స్‌రే తీసినా తొలి దశలో ఏమీ కనపడకపోవచ్చు. ఎంఆర్ఐ తీయాలి, అదీ రెండు తుంటులకూ, ఎందుకంటే రెండోవైపు కూడా మొదలై ఉండటం మామూలే. బంతి ఇంకా కుంగకపోతే కీలు మార్చే మాటే అక్కర్లేదు, డ్రిల్ చేసి లోపలి ఒత్తిడి తగ్గించే కోర్ డీకంప్రెషన్ గురించి అడగండి. బంతి కుంగిపోయి, చచ్చిన భాగం మూడోవంతు దాటిందంటే రీసర్ఫేసింగ్ వద్దు. చచ్చిన ఎముక మీద వేసిన తొడుగు వదులైపోతుంది, లేదా మెడ విరుగుతుంది.

మరి రీసర్ఫేసింగ్ ఎవరికి? ఏవీఎన్ కాకుండా మామూలు అరుగుదల ఉన్న మగవాళ్లకి, 55 ఏళ్లలోపు, ఎముక గట్టిగా ఉండి, బంతి కొలత 48 మిల్లీమీటర్లు అంతకన్నా ఎక్కువ పట్టేవాళ్లకి. ఈ కొలత ఊరికే చెప్పింది కాదు. 1997లో ఇంగ్లండ్‌లో మొదలైన బర్మింగ్‌హామ్ హిప్ ఈ రకాల్లో ఎక్కువగా నిలబడింది. దాని తయారీదారే 2015లో 46, అంతకన్నా చిన్న సైజులు మార్కెట్ నుంచి తీసేసి, ఆడవాళ్లకు వాడొద్దని చెప్పింది. చిన్న బంతి అయితే కప్పు అంచున ఒత్తిడి పడి లోహం ఎక్కువ అరుగుతుంది. మనవాళ్ల ఒడ్డూపొడుగూ చూస్తే 48 పట్టని మగవాళ్లు కూడా తక్కువేం లేరు. పిల్లల్ని కనే వయసు స్త్రీలకు మరో కారణం: అరిగిన లోహం రక్తంలో కలిసి కడుపులో బిడ్డకు చేరుతుంది. కిడ్నీ సరిగా లేనివాళ్లకూ పనికిరాదు, ఆ లోహాన్ని బయటికి పంపేది కిడ్నీలే. ఏళ్లపాటు నొప్పి మాత్రలు మింగినవాళ్లు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా దీని గురించి ఆలోచించకూడదు.

రీసర్ఫేసింగ్ చెడటానికి ముఖ్యంగా రెండు దారులు. మొదటిది మెడ విరగడం, ఎక్కువగా తొలి కొద్ది నెలల్లో. బంతిని చెక్కేటప్పుడు మెడ పైఅంచుకు గాటు పడినా, తొడుగు లోపలివైపు వాలినా ఈ ప్రమాదం పెరుగుతుంది. ఇది సర్జన్ చేతిలో ఉన్న పని. నెలనెలా ఇదే ఆపరేషన్ చేసే చెయ్యి వేరు, ఏడాదికి ఒకటి చేసే చెయ్యి వేరు. రెండోది లోహపు పొడి. కప్పు మరీ నిటారుగా, 50 డిగ్రీలు దాటి కూర్చుంటే అంచు రాపిడి మొదలై చుట్టూ కండ దెబ్బతింటుంది, గడ్డలు కడతాయి. డెప్యూ అనే కంపెనీ చేసిన ఏఎస్ఆర్ రకం ఇలాగే చెడిపోతే దాన్ని 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో సుమారు 4,700 మందికి అది వేశారు, వాళ్లలో చాలామంది ఆచూకీ కూడా తర్వాత దొరకలేదు. కేంద్రం 2018లో పరిహారం లెక్క ఖరారు చేసింది. మెడ విరిగితే పూర్తి మార్పిడి చేసి గట్టెక్కించొచ్చు. లోహపు పొడి కండను తినేశాక చేసే రెండో ఆపరేషన్ మాత్రం చాలా కష్టం. అందుకే "ఎముక మిగులుతుంది కదా, తర్వాత చూసుకోవచ్చు" అనే మాటను సగమే నమ్మాలి.

పూర్తి మార్పిడి అనుకున్నాక అసలు ఎంపిక ఏది దేని మీద తిరుగుతుందన్నది. పాత ప్లాస్టిక్ ఏడాదికి 0.1 మిల్లీమీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అరిగేది. ఆ పొడికి చుట్టూ ఎముక కరిగి కప్పు వదులయ్యేది. "పదిహేనేళ్లే వస్తుంది" అనే మాట ఆ రోజులది. ఇప్పుడు వాడే హైలీ క్రాస్‌లింక్డ్ పాలీఇథిలీన్ అనే కొత్త రకం ప్లాస్టిక్ అందులో కొద్ది వంతే అరుగుతుంది. దానిమీద సిరామిక్ బంతి: మా దృష్టిలో ఎక్కువమందికి ఇదే సరైన జత. సిరామిక్ మీద సిరామిక్ ఇంకా తక్కువ అరుగుతుంది, కానీ కప్పు కోణం కాస్త తప్పినా కీచుమంటుంది. అరుదుగా పగులుతుంది. పగిలితే ముక్కలన్నీ ఏరినా సన్నటి పొడి మిగిలిపోతుంది. తర్వాత అక్కడ లోహపు బంతి పెడితే ఆ పొడికి గీరుకుపోతుంది, మళ్లీ సిరామిక్కే పెట్టాలి. కాడ, కప్పు మాత్రం ఈ వయసులో సిమెంటు లేని రకమే మేలు, ఎముక వాటిమీదికి పెరిగి పట్టుకుంటుంది.

ఇక పని సంగతి. ఊడ్పుల్లో నడుం వంచి, బురదలో దిగబడిన కాలు లాగేటప్పుడు మోకాలు లోపలికి తిరుగుతుంది. వెనకవైపు నుంచి ఆపరేషన్ చేసిన కీలు జారడానికి సరిగ్గా ఆ భంగిమ చాలు. రొయ్యల చెరువులో దిగి వల లాగినా అంతే. బంతి పెద్దదైతే జారడం తగ్గుతుంది. రీసర్ఫేసింగ్‌కు ఉన్న నిజమైన మేలు ఇదే. పూర్తి మార్పిడిలో కప్పు సైజు ఒప్పుకుంటే 36 మిల్లీమీటర్ల బంతి అడగండి, కప్పు చిన్నదైతే 32తో సరిపెట్టుకోవాలి. బురద పని మానలేనివాళ్లకి, మద్యం అలవాటు ఉన్నవాళ్లకి డ్యూయల్ మొబిలిటీ కప్పు ఆలోచించదగ్గది. చిన్న బంతి పెద్ద ప్లాస్టిక్ బంతిలో, అది మళ్లీ కప్పులో తిరుగుతుంది కాబట్టి తొందరగా జారదు. అరిగే చోట్లు మాత్రం రెండవుతాయి. మొదటి మూడు నెలలు గొంతుక్కూర్చోవడం వద్దు, ఇంట్లో కమోడ్ పెట్టించుకోండి. కొబ్బరి దింపు పనికి మాత్రం ఏ ఇంప్లాంటూ భరోసా ఇవ్వదు. చెట్టు మీంచి పడితే కాడ చుట్టూ ఎముక చీలుతుంది, దాన్ని అతకడం మొదటి ఆపరేషన్ కన్నా పెద్ద పని.

ఆపరేషన్ తేదీకి ముందు పళ్లు, పాదాలు చూపించుకోవాలి. నీళ్లలో నాని కాలివేళ్ల సందులు చెడి ఉంటే, మడమలో పగుళ్లు పుండయితే అవి మానాకే వెళ్లండి. అక్కడి సూక్ష్మజీవి రక్తంలో కలిసి కీలుకు పడితే ఇంప్లాంట్ తీసేయాల్సి వస్తుంది.

ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకునేవాళ్లు ప్యాకేజీలో ఏ బంతి, ఏ ప్లాస్టిక్ వస్తాయో చేరకముందే అడగండి. సొంత డబ్బు పెట్టేవాళ్లు అంచనా చీటీలో "హిప్ ఇంప్లాంట్" అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోకుండా కంపెనీ, రకం, సైజు విడిగా రాయించుకోండి. డిశ్చార్జ్ రోజున కేస్ షీట్లో అతికించిన స్టిక్కర్లు అన్నీ, కాడ, బంతి, కప్పు, లోపలి ప్లాస్టిక్, లాట్ నంబర్ కనిపించేలా ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపండి. ఇప్పటికే లోహపు రీసర్ఫేసింగ్ వేయించుకున్నవాళ్లు నొప్పి లేకపోయినా ఏడాదికోసారి డాక్టరుకు చూపించుకుని, రక్తంలో కోబాల్ట్, క్రోమియం పరీక్ష ఎప్పుడెప్పుడు చేయించాలో అడగండి. లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే ఎంఆర్ఐ అడగండి. ఈ పరీక్షకు లోహం అంటని ప్రత్యేకమైన ట్యూబు కావాలి, మామూలు ట్యూబులో తీసిన రక్తానికి వచ్చే అంకె నమ్మదగింది కాదు.