సీటు కింద ఉండాల్సిన ఫ్యూజుల డబ్బా

నల్లగొండ ఆటో స్పేర్స్ దుకాణాల్లో అమ్మే ఈ బైకు మినీ బ్లేడ్ ఫ్యూజుల (రెండు చదును కాళ్ల చిన్న ఫ్యూజులు) డబ్బా కొనదగ్గదే. 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు. డబ్బాలో రంగులు ఈ లెక్కకు సరిగ్గానే ఉన్నాయి. తీగ తెగిందో లేదో వెలుతురుకు పెడితే కనిపిస్తుంది. సన్న పగులు మాత్రం కంటికి ఆనదు, మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (కరెంటు దారి తెగకుండా ఉందా అని) చూడాల్సిందే.

ఫ్యూజు పీకడానికి డబ్బాతో వచ్చే ప్లాస్టిక్ పట్టుకారు దండగ. బిగుసుకున్న ఫ్యూజు దగ్గర వంగిపోతుంది. కీ ఆఫ్ చేసి, సన్నమూతి ప్లయర్‌తో ప్లాస్టిక్ తల పట్టుకుని నిలువుగా లాగండి.

కొనేముందు పాత ఫ్యూజు వెంట తీసుకెళ్లండి: మినీ వెడల్పు సుమారు 11 మిల్లీమీటర్లు, మామూలుది 19.

కొత్తది కూడా వెంటనే పోతే ఎక్కువ ఆంపియర్లది పెట్టొద్దు, వైరింగే కాలుతుంది. ముందు హ్యాండిల్ మెడ దగ్గర ఒరుసుకుపోయిన వైరు, అదనపు హారన్‌కు వేసిన అతుకు వెతకండి.