బొంత అంచుకు పట్టీ మడిచే పరికరం: ఏ బొంతకు పనికొస్తుంది, ఏ బొంతకు పనికిరాదు

పాత నూలు చీరలను పొరలుగా పరిచి ఇంట్లో కుట్టుకున్న బొంతలో అన్నిటికంటే ముందు పాడయ్యేది అంచే. కప్పుకునేటప్పుడు చేతితో పట్టుకొని లాగేది అంచునే, ఉతికి పిండేటప్పుడు, తీగ మీద ఆరవేసేటప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేదీ దాని మీదే. అందువల్ల నడిమి కుట్లు ఏళ్ల తరబడి గట్టిగా ఉన్నా, అంచు దగ్గర పోగులు ఊడి లోపలి పొరలు బయటపడుతుంటాయి. ఆ అంచును మూసే క్రాస్ పట్టీని, అంటే గుడ్డను ఏటవాలుగా కత్తిరించి తీసిన పట్టీని, రెండు వైపులా సమానంగా మడిచి ఇచ్చే చిన్న లోహపు పరికరాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో 6, 9, 12, 18, 25 మి.మీ. సైజుల సెట్టుగా దొరుకుతున్నాయి. వీటితో పాటు దబ్బనం వంటి ఒక మొనదేలిన పుల్ల, గుడ్డను పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు కూడా ఇస్తారు. పలుచని పిల్లల బొంతకూ, మందపాటి చీరల బొంతకూ ఈ సెట్టును వాడి చూసిన మీదట రాస్తున్న అభిప్రాయం ఇది.

పరికరం పనిచేసే తీరు సులభమైనదే. వెడల్పాటి మూతిలోంచి పట్టీని దూర్చి, పైనున్న సందులోంచి పుల్లతో ముందుకు నెడితే, అది సన్నని మూతి నుంచి రెండు అంచులూ లోపలికి మడతపడి బయటికి వస్తుంది. ఒక చేత్తో పిడిని వెనక్కి లాగుతూ, రెండో చేత్తో దాని వెంటే ఇస్త్రీ పెట్టెను నడిపించాలి. లోహం త్వరగా వేడెక్కుతుంది కనుక పిడిని వదిలి పరికరాన్ని నేరుగా పట్టుకోకూడదు. 25 మి.మీ. సైజుకు పట్టీని సుమారు 48 మి.మీ. వెడల్పుతో కత్తిరించుకోవాలి, ఈ కొలత నాకు వచ్చిన పెట్టె మీద ఎక్కడా లేదు, అది పెద్ద లోపమే. పట్టీ వెడల్పు ఒకచోట తగ్గి మరొకచోట పెరిగితే మడత ఒక పక్కకు జరిగిపోతుంది, ఆ తప్పును పరికరం సరిదిద్దలేదు.

గుడ్డ ఎంపిక మీద ఫలితం చాలావరకు ఆధారపడి ఉంటుంది. జాకెట్ల పైపింగుకు వాడే రూబియా ఇందులో చక్కగా మడతపడుతుంది, కానీ బొంత అంచుగా ఎక్కువ కాలం నిలవదు. పాప్లిన్ మన్నుతుంది, అయితే మడత తొందరగా విచ్చుకుంటుంది. దానికి మన ఇళ్లలోని మందే సరిపోతుంది: గుడ్డను ముందుగా ఉతికి, పలుచని గంజి పెట్టి, ఆరిన తరువాత కత్తిరిస్తే మడత గీత కత్తి అంచులా నిలుస్తుంది. ముందుగా ఉతకడం గంజి కోసమే కాదు. ఉతకని నూలు గుడ్డను అంచుకు వేస్తే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి బొంత చుట్టూ ముడతలు తెస్తుంది. ముదురు ఎరుపు, నీలం రంగుల గుడ్డలైతే రంగు దిగుతుందేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

పట్టీ ముక్కలను కలిపిన చోట ఈ పరికరం ఇబ్బంది పెడుతుంది. అతుకులను ఏటవాలుగా కుట్టి, లోపలి గుడ్డను 5 మి.మీ.కు కత్తిరించి, విప్పి ఇస్త్రీ చేసినా, 12 మి.మీ., అంతకంటే చిన్న సైజుల్లో అతుకు ఇరుక్కుపోతూనే ఉంది. 25 మి.మీ. సైజులో పుల్లతో కొంచెం సాయం చేస్తే దాటుతుంది. చిన్న సైజులు ఎలాగూ జాకెట్ పనికే తప్ప బొంతకు అక్కరకు రావు కనుక, బొంత కోసం కొనేవారికి ఈ సెట్టులో నిజంగా దక్కేది ఒక్క పెద్ద సైజు మాత్రమే.

ఆ పెద్ద సైజుతోనైనా కుట్టేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 25 మి.మీ. పట్టీ అంచు మీద రెండుగా మడతపడితే ఒక్కో వైపుకు పన్నెండున్నర మి.మీ. వస్తుంది. బొంత మందం 3 మి.మీ. ఉంటే అంత మేరకు వెనుక వైపు తగ్గుతుంది. ముందు వైపు సరిగ్గా మడత గీత మీదే మెషిన్ కుట్టు వేస్తే, వెనక్కి తిప్పినప్పుడు పట్టీ ఆ కుట్టును కప్పదు. గీత నుంచి 2 మి.మీ. బొంత చివరి వైపుకు జరిపి కుడితే కప్పుతుంది. రెండు మూడు పొరల పిల్లల బొంతకు ఈ బెడద ఉండదు, అక్కడ పరికరం శుభ్రమైన, తీరైన అంచును ఇచ్చింది.

ఏడెనిమిది పొరల బొంతకు మాత్రం ఈ పరికరాన్ని పక్కన పెట్టి, పట్టీని రెండు పొరలుగా వేయడమే మేలు. రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీని నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, విడి అంచులను బొంత అంచుతో కలిపి 8 మి.మీ. లోపలికి కుట్టి, మడత వైపును వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేస్తే సరిపోతుంది. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉన్న బొంతకు చుట్టుకొలత 300 అంగుళాలు. మూలలకూ అతుకులకూ కొంత కలుపుకొని, 44 అంగుళాల పన్నా గుడ్డలో అడ్డంగా ఎనిమిది పట్టీలు కత్తిరించాలి, అంటే 60 సెం.మీ. గుడ్డ చాలు. అంచులు తిన్నగా ఉన్నప్పుడు క్రాస్ తప్పనిసరి కాదు. మూలలను గుండ్రంగా తిప్పితేనే అది తప్పదు. అయినా క్రాస్ పట్టీ ఎక్కువ కాలం మన్నుతుంది, ఎందుకంటే అందులో మడత ఒకే పోగు వెంట పోకుండా పడుగునూ పేకనూ ఏటవాలుగా దాటుతుంది కనుక రాపిడి చాలా పోగుల మీద పంచుకుపోతుంది.

మూలల దగ్గర ఏ పరికరమూ సాయపడదు. మూలకు 8 మి.మీ. ముందే కుట్టు ఆపి, దారం తెంపి, పట్టీని ఏటవాలుగా పైకి మడిచి, తిరిగి కిందికి దించి, రెండో వైపు అంచు మొదటి నుంచి కుట్టాలి. అప్పుడు మూల రెండు వైపులా చక్కని ఏటవాలు మడతతో కూర్చుంటుంది. మందపాటి పొరల మీద 16వ నంబరు సూది వాడి, మెషిన్ పాదం ఒత్తిడిని కొంత వదులు చేస్తే పై పొర జరగదు.

పిల్లల బొంతలు, పలుచని దుప్పట్లు, జాకెట్లు తరచుగా కుట్టేవారు ఈ సెట్టును నిస్సంకోచంగా కొనవచ్చు. ఏడాదికి ఒక చీరల బొంత కుట్టేవారికి దీని అవసరం లేదు. జపాన్ సంస్థ క్లోవర్ 50 మి.మీ. సైజును కూడా తయారుచేస్తుంది గానీ, దానికి పట్టీని సుమారు 95 మి.మీ. వెడల్పుతో కత్తిరించాలి, రెండున్నర అంగుళాల పట్టీతో పోలిస్తే గుడ్డ ఒకటిన్నర రెట్లు పట్టి కూడా, రాపిడి పడే మడత మీద మిగిలేది ఒక్క పొరే.