పాత ఏటీవీకి కొత్త ఫ్యాన్ మోటార్: 216 గంటలు నడిపాక

నా ఏటీవీ (రాళ్లు, బురదలో తిరిగే నాలుగు చక్రాల బండి) పాతది. లిక్విడ్ కూలింగ్ ఇంజిన్, ముందు రేడియేటర్, దాని వెనక 12 వోల్టుల చిన్న ఫ్యాన్. ఆ ఫ్యాన్ మోటార్ పోతే వేరే తయారీ మోటార్ తెప్పించి నేనే మార్చాను. అప్పుడు ఇంజిన్ నడిచిన గంటలు చూపే అవర్ మీటర్ 1,196 దగ్గర ఉంది, ఇవాళ 1,412. మధ్యలో రెండేళ్ల నాలుగు నెలలు గడిచాయి. కొనేముందు నేను చదివిన అభిప్రాయాలన్నీ బిగించిన వారంలోపు రాసినవే. కొత్త మోటార్ మొదటి వారం ఎలాగూ తిరుగుతుంది. బురదలో నానిన తర్వాత కూడా తిరుగుతుందా అన్నదే నాకు కావాల్సింది, అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

జబ్బు ఎలా బయటపడిందో ముందు చెప్పాలి. చదును దారిలో కాస్త వేగంగా వెళ్తుంటే టెంపరేచర్ మామూలుగానే ఉండేది. రాళ్ల ఎత్తులో మెల్లగా ఎక్కుతుంటే మాత్రం ఎర్ర లైటు వెలిగేది. వేగం ఉన్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. కాబట్టి ఈ లక్షణం కనిపిస్తే ముందు ఫ్యాన్‌నే అనుమానించండి. లైటు వెలిగిన ప్రతిసారీ ఆపి చల్లబరిచేవాణ్ణి గానీ లోపల టెన్షన్‌గానే ఉండేది. ఇంజిన్ పైన ఉండే అల్యూమినియం హెడ్ ఒకసారి వేడికి వంగిందంటే ఫ్యాన్ ఖర్చు దాని ముందు ఏమీ కాదు.

మోటార్ కొనే ముందు మోటారే పోయిందని తేల్చుకోవాలి. పాత బండ్లలో సాధారణంగా రేడియేటర్‌కు రెండు వైర్ల థర్మో స్విచ్ ఉంటుంది, వేడెక్కగానే ఫ్యాన్‌ను ఆన్ చేసేది అదే. దాని కనెక్టర్ ఊడదీసి, కీ ఆన్ చేసి, ఆ రెండు వైర్లను చిన్న తీగతో కలిపితే ఫ్యాన్ తిరగాలి. తిరిగితే స్విచ్ పోయినట్టు. ఫ్యాన్‌ను ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) నడిపే బండ్లలో ఈ పని చేయకండి. నా బండిలో తీగతో కలిపినా తిరగలేదు. బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు లాగి ఇచ్చినా ఒకసారి ఉలిక్కిపడి ఆగిపోయింది. రెక్కను చేత్తో తిప్పితే బిగుసుకుపోయి ఉంది. అక్కడితో అనుమానం తీరింది.

తీరింది గానీ, అక్కడే ఆగి ఉంటే కొత్త మోటార్ కూడా పాతదాని దారే పట్టేది. ఫ్యాన్ కనెక్టర్ దగ్గర మీటర్ పెడితే 12.6 వోల్టులు చూపించింది. వైరింగ్ బాగానే ఉందనుకున్నాను. తర్వాత అదే కనెక్టర్‌కు 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తగిలించి మళ్లీ చూస్తే 10.8కి పడిపోయింది. లోడ్ లేకుండా చూసే వోల్టేజ్‌ని నమ్మకూడదని నాకు బాగా అర్థమైన రోజు అది. ఎర్త్ బోల్టు కింద తుప్పు పేరుకుని ఉంది. గీకి, కొత్త వాషర్ వేసి బిగించాక 12.2కి వచ్చింది. ఇంకో దారుణం ఫ్యూజు దగ్గర కనిపించింది. 15 ఆంపియర్లు ఉండాల్సిన చోట నాకంటే ముందు ఎవరో 30 పెట్టారు. మోటార్ పట్టేసి కరెంట్ ఎక్కువ లాగుతున్నా ఫ్యూజు పోలేదు, బదులుగా కనెక్టర్ ప్లాస్టిక్ కరిగింది. ఫ్యూజు పదే పదే పోతోందంటే అది మోటార్ సంగతి చెబుతోంది. పెద్ద ఫ్యూజు పెట్టి దాని నోరు మూయకండి.

పాత మోటార్ విప్పి చూశాను. కార్బన్ బ్రష్‌లలో ఒకటి దాదాపు అరిగిపోయింది, బ్రష్‌లు ఆనుకుని తిరిగే కమ్యుటేటర్ నల్లబడింది, అడుగున ఎండిన బురద ఒక గీతలా ఉంది. ఆ గీత ఎత్తు దాకా నీళ్లు నిలిచాయన్నమాట. మోటార్ అంచున నీళ్లు కారిపోవడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. మూడు బోల్టులూ సమాన దూరంలో ఉంటాయి కాబట్టి మోటార్‌ను ఫ్రేముకు మూడు రకాలుగా బిగించవచ్చు, కానీ ఒక్క రకంలోనే ఆ రంధ్రం కిందికి వస్తుంది. నా బండిలో అది పక్కకు తిరిగి ఉంది. మోటార్ ప్రాణం తీసింది అదేనని నా నమ్మకం.

కొత్త మోటార్ విషయంలో నా మొదటి ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. దాని వైరు పొట్టిది. రంధ్రం కిందికి పెడితే కనెక్టర్ దాకా అందదు, పక్కకు తిప్పితే చక్కగా అందుతుంది. నేను కూడా మొదట అందిన పద్ధతిలోనే బిగించేశాను. సాయంత్రం గుర్తొచ్చి మళ్లీ అంతా విప్పాను. ఒక జానెడు వైరు కలిపి, క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడిగి, కనెక్టర్‌లో సిలికాన్ గ్రీజు నింపాను. ఈ మోటార్ కొనేవాళ్లు వైరు అతుకు తప్పదని ముందే అనుకోండి. ఉత్త టేపు చుట్టి వదిలేస్తే ఆ అతుకులోంచే నీళ్లు వైరు లోపలికి పాకుతాయి.

రెక్క పాతదే వాడాను. షాఫ్ట్‌కు సరిగ్గా కూర్చుంది, ఊగిసలాట లేదు. కొన్ని మోటార్లలో రెక్క నట్టు ఎదురు మరతో వస్తుంది, కుడివైపు తిప్పితేనే వదులవుతుంది. బలం పెట్టేముందు మర ఎటు ఉందో చూసుకోండి. వైర్ల రంగులు కూడా పాతవాటితో కలవలేదు. వైర్లు తారుమారైతే మోటార్ వెనక్కి తిరుగుతుంది, తిరుగుతోంది కదా అని మనం సరిపెట్టుకుంటాం. గాలి మాత్రం ఎదురుగాలికి అడ్డంగా ముందుకు తోస్తుంది. ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండే బండ్లలో రేడియేటర్ ముందు పల్చటి కాగితం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. కాగితం రేడియేటర్ ఫిన్స్‌కు (సన్నటి రేకులకు) అతుక్కుంటే దిశ సరైనదే.

ఇక పనితీరు. మొదటి రోజు వైరు చుట్టూ పట్టి కరెంట్ కొలిచే క్లాంప్ మీటర్‌తో చూస్తే 5.2 ఆంపియర్లు లాగింది, నిన్న చూస్తే 5.9. ఈ వయసుకు అది నాకు సమ్మతమే. ఎండలో నిలబెట్టి ఐడిల్‌లో వదిలితే ఫ్యాన్ ఆన్ అయి మూడు, నాలుగు నిమిషాల్లో ఆగుతుంది, కాసేపటికి మళ్లీ తిరుగుతుంది. ఎర్ర లైటు ఈ 216 గంటల్లో ఒక్కసారే వెలిగింది. ఆ రోజు తప్పు మోటార్‌ది కాదు, ఫిన్స్ మధ్య బురద గట్టిపడి గాలే వెళ్లలేదు. అప్పటినుంచి బురదలో తిరిగొచ్చిన ప్రతిసారీ ఇంజిన్ చల్లారాక వెనక వైపు నుంచి మామూలు నీళ్ల పైపుతో కడుగుతున్నాను. ప్రెషర్ వాషర్ దగ్గరికి తేను. ఫిన్స్ వంగిపోతాయి, మోటార్ సీలు దాటి నీళ్లు లోపలికి వెళ్తాయి.

శబ్దం మాత్రం పాత మోటార్ కన్నా ఎక్కువ. సన్నగా కూస్తున్నట్టు ఉంటుంది, బండి ఆపి మాట్లాడుకునేటప్పుడు చెవికి ఇబ్బందే. శబ్దం పడనివాళ్లు బండి తయారీదారు ఇచ్చే ఒరిజినల్ సెట్ తీసుకోవడం మేలు. ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు), రెక్క విరిగి ఉంటే కూడా అదే సరైన దారి. నా వాటికి ఏమీ కాలేదు కనుక మోటార్ ఒక్కటే మార్చడం సరిపోయింది.

లోతు నీళ్లు దాటేముందు ఫ్యాన్ తిరుగుతుంటే అది ఆగేదాకా ఒడ్డునే ఉంటాను. తిరిగే రెక్క నీళ్లలో మునిగితే మోటార్ మీద భారం ఒక్కసారిగా పడుతుంది. ఫ్యాన్‌కు విడిగా స్విచ్ పెట్టుకోమని ఇద్దరు ముగ్గురు స్నేహితులు చెప్పారు, నేను పెట్టలేదు. అవతలి ఒడ్డుకు చేరాక ఆన్ చేయడం మర్చిపోతే ఇంజిన్‌కే ముప్పు.

ఈ మధ్య ఉదయం చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి ఫ్యాన్ తిరిగితే రెండు, మూడు సెకన్లు చిర్రుమని శబ్దం వస్తోంది, తర్వాత పోతుంది. షాఫ్ట్ తిరిగే బుష్ ఎండినట్టుంది. 1,450 గంటలకు దింపి, డ్రెయిన్ రంధ్రంలో సన్నని తీగ పెట్టి శుభ్రం చేసి, షాఫ్ట్ ఎంత వదులుగా ఊగుతోందో చూస్తాను. ఇదే మోటార్ ఇంకొకటి ఇప్పటికే తెప్పించి, దానికీ జానెడు వైరు కలిపి సిద్ధంగా ఉంచాను.