ఒక్క లైను కోడ్‌తో వెబ్‌సైట్ అందరికీ అందుబాటులోకి వస్తుందని అమ్మేవారితో జాగ్రత్త

వికలాంగులు కూడా ఇబ్బంది లేకుండా వాడుకునేలా మీ వెబ్‌సైట్‌ను తీర్చిదిద్దుతామని చెప్పే ఏదైనా సంస్థతో ఒప్పందానికి సిద్ధమవుతున్న ప్రొడక్ట్ టీములు, సంతకం పెట్టే ముందు మా అనుభవాన్ని ఒకసారి చదవాలని కోరుతున్నాను. డబ్బు వాపసు సంగతి ఇంకా తేలలేదు కనుక ఆ సంస్థ పేరు రాయడం లేదు. పేరు రాసినా పెద్దగా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఇదే సరుకును వేర్వేరు పేర్లతో అమ్మేవారు చాలామంది ఉన్నారు.

మా టీముకు యాక్సెసిబిలిటీలో, అంటే వికలాంగులూ వాడుకోగలిగేలా సైటును తయారుచేయడంలో, శిక్షణ ఇస్తామని, లోపాలు వెతికి పెడతామని, వాటిని దిద్దేటప్పుడు డెవలపర్లకు తోడుగా ఉంటామని వారు మాట ఇచ్చారు. తీరా మా చేతికి వచ్చినవి పేజీలో అతికించుకోవడానికి ఒక లైను జావాస్క్రిప్ట్, ఆటోమేటిక్ స్కానర్ (పేజీల్లో లోపాలను వెతికే సాఫ్ట్‌వేర్) తీసిన ఒక రిపోర్టు, సైటు డబ్ల్యూసీఏజీ 2.2 (వెబ్‌సైట్లను వికలాంగులకు అనువుగా మలచడానికి ఉన్న అంతర్జాతీయ మార్గదర్శకాలు) ఏఏ స్థాయికి, అంటే మూడు స్థాయిల్లో మధ్యదానికి, పూర్తిగా అనుగుణంగా ఉందని చెప్పే ఒక సర్టిఫికెట్. శిక్షణ పేరుతో ఒక గంటసేపు, ఆ లైను పేజీలో చేర్చే చిన్న మెనూ అయిన వారి విడ్జెట్‌లో ఏది నొక్కితే ఏమవుతుందో చూపించారు. ఆ లైను అతికించగానే పేజీ మూలన ఒక గుండ్రటి బటన్ వచ్చి కూర్చుంది. అక్షరాలు పెద్దవి చేయడం, రంగులు మార్చడం, కదలికలు ఆపడం వంటివి అందులో ఉన్నాయి. అవసరమైనవారు ఈ సౌకర్యాలను తమ ఫోనులోనో కంప్యూటరులోనో ముందే అమర్చుకుని ఉంటారన్న ఆలోచన మాకు అప్పుడు తట్టలేదని సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను.

మూడు వారాలు గడిచాక, పూర్తిగా చూపులేని ఒక వినియోగదారు నుంచి ఉత్తరం వచ్చింది. మీరు సైటును బాగుచేశామని ప్రకటించిన నాటి నుంచి నేను దరఖాస్తు నింపలేకపోతున్నాను అని ఆయన రాశారు. ఆయన ఓపికగా కాల్‌లో కూర్చుని, తన స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నదాన్ని బిగ్గరగా చదివే సాఫ్ట్‌వేర్) చదివేది మాకు కూడా వినిపించారు. ఆయన ట్యాబ్ మీట నొక్కుతున్న కొద్దీ వినిపించింది "బటన్, బటన్, బటన్" అన్న మాట ఒక్కటే. వాటిలో ఒకటి ఫైలు జోడించేది, ఇంకొకటి జోడించిన ఫైలును తొలగించేది. రెండింటికీ బొమ్మలే తప్ప పేర్లు లేవు. సంతకం కాగితంలో ఏ మూలన చేయాలో చూపే నమూనా చిత్రానికి విడ్జెట్ తనంతట తాను ఊహించి పెట్టిన వర్ణన "కాగితం, పెన్ను, చేయి". ఫోను నంబరులో ఒక అంకె తగ్గితే మా ఫారం ఆ గడి అంచును ఎర్రగా మార్చి ఊరుకుంటుంది, కనుక ఆయనకు తప్పు జరిగిందన్న సంగతి కూడా తెలియలేదు. ఈలోగా పొరపాటున విడ్జెట్ మెనూ తెరుచుకుంది. ఎన్నిసార్లు ట్యాబ్ నొక్కినా ఫోకస్ (కీబోర్డు ఎంపిక ఉన్న చోటు) ఆ మెనూలోనే గిరగిరా తిరిగింది, ఎస్కేప్ మీట పనిచేయలేదు. చివరకు పేజీని రీలోడ్ చేయగా అంతవరకు నింపినదంతా పోయింది. "ఇది నాలుగోసారి అండీ" అని మాత్రం అన్నారు.

ఆ రిపోర్టులో ఇవేవీ ఎందుకు లేవో తర్వాత అర్థమైంది. చిత్రానికి వర్ణన ఉందో లేదో స్కానర్ చెప్పగలదు గాని, ఆ వర్ణన చదివినవారికి సంతకం ఎక్కడ చేయాలో తెలుస్తుందో లేదో చెప్పలేదు. పైగా స్కానర్ చూసింది లాగిన్ అవసరం లేని పేజీలను మాత్రమే. దరఖాస్తులోని నాలుగు అంచెలూ లాగిన్ వెనుక ఉన్నాయి. డబ్ల్యూసీఏజీ నియమం ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది: ఒక పని అనేక పేజీల మీదుగా పూర్తయ్యేదైతే, ఆ వరుసలో ఒక్క పేజీ విఫలమైనా మిగతా పేజీలు కూడా అనుగుణంగా ఉన్నట్లు చెప్పుకోవడానికి వీల్లేదు. 2.2లో ఏ, ఏఏ స్థాయిలు కలిపి 55 ప్రమాణాలు ఉన్నాయి, వాటిలో చాలావాటిని మనిషి కూర్చుని పరీక్షించవలసిందే. ఆ మార్గదర్శకాలను ప్రచురించే డబ్ల్యూ త్రీ సీ అనే వెబ్ ప్రమాణాల సంస్థ ఏ సైటుకూ సర్టిఫికెట్ ఇవ్వదు, కనుక మాకు అందినది అమ్మినవారు సొంతంగా అచ్చువేసుకున్న కాగితం. సాధారణ అక్షరాలకు, వాటి నేపథ్యానికి మధ్య కనీసం ఉండవలసిన 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) వారి విడ్జెట్ మెనూలోనే లేదని కొలిచి చూసినప్పుడు మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఫిర్యాదు చేస్తే, విడ్జెట్ పెట్టాక మీరు పేజీలు మార్చి ఉంటారని జవాబిచ్చారు. ఒప్పందం తిరగేస్తే, ఫలితానికి ఎలాంటి హామీ లేదన్న వాక్యం చివరి పేజీలో కనిపించింది. ఇలాంటి ప్రచారం నియంత్రణ సంస్థల దృష్టికి కూడా వెళ్లింది. తన ఉత్పత్తి ఏ సైటునైనా డబ్ల్యూసీఏజీకి అనుగుణంగా మారుస్తుందని చెప్పుకున్న ఒక సంస్థ 10 లక్షల డాలర్లు చెల్లించాలన్న ఉత్తర్వును అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ప్రకటించి, అదే ఏడాది ఏప్రిల్‌లో ఖరారు చేసింది. మాకు అమ్మినది ఆ సంస్థ కాదు, కాని మాకు చెప్పిన మాటలు దాదాపు అవే.

మీరు కొనేటప్పుడు, పరీక్షించేవారిలో వికలాంగులు ఎందరున్నారో, వారు ఏ స్క్రీన్ రీడర్లతో, ఏ పరికరాలతో పరీక్షిస్తారో ముందుగా అడగండి. లాగిన్ వెనుక ఉన్న మీ ముఖ్యమైన పనిని మొదటి నుంచి చివరి వరకు వారు చేసి చూపాలని ఒప్పందంలోనే రాయించుకోండి. వారు గతంలో ఇచ్చిన ఒక ఆడిట్ రిపోర్టును, పేర్లు తీసేసి చూపించమనండి. అందులో లోపం ఎక్కడుందో, ఎవరికి అడ్డుపడుతుందో, కోడ్‌లో ఏది మార్చాలో లేకపోతే అది స్కానర్ కక్కిన జాబితా అని అనుకోవచ్చు. అమ్మకందారు సొంత సైటును మౌస్ ముట్టుకోకుండా, కీబోర్డుతో పది నిమిషాలు తిరిగి చూడండి. విండోస్ కంప్యూటరు ఉంటే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, కనుక దానితో ఒకసారి వినండి కూడా. ఈ చివరి పని మేము ముందే చేసి ఉంటే బేరం అక్కడే ఆగిపోయేది.

మేము ఆ లైనును, సర్టిఫికెట్ బొమ్మను తీసేశాము. బటన్లకు పేర్లు పెట్టడానికి, తప్పు ఏమిటో గడి పక్కనే మాటల్లో రాసి స్క్రీన్ రీడర్ కూడా దాన్ని చదివేలా చేయడానికి మా డెవలపర్లకు రెండు రోజులు పట్టింది. చిత్రాల వర్ణనలు మాత్రం ఇంకా సాగుతున్నాయి, ఎందుకంటే ఏ చిత్రం ఎందుకు పెట్టామో తెలిసినవారే వాటిని రాయగలరు. ఉత్తరం రాసిన పెద్దమనిషికి ఇప్పుడు ప్రతి విడుదలకు ముందు పరీక్షించే పని అప్పగించి, దానికి పారితోషికం ఇస్తున్నాము.

ఇంకొక సంగతి. ఒప్పందం గడువు ముగియడానికి 60 రోజుల ముందే రాతపూర్వకంగా వద్దని చెప్పకపోతే, అది మరో ఏడాదికి దానంతట అదే పొడిగింపు అవుతుందన్న నిబంధన మా ఒప్పందంలో ఉంది. ఇప్పటికే ఇలాంటిది కొన్నవారు తమ ఒప్పందంలో ఆ తేదీని ఈరోజే చూసుకోండి.