పొగతోట డెంటల్ ల్యాబ్: అప్లికేషన్‌లోకి పనికొచ్చిందా?

ముందే చెప్తున్నా, క్రౌన్లు (పంటి తొడుగులు) చేసే ఈ ల్యాబ్ పేరు రాయను. ఓనరన్నే వద్దన్నాడు. "పేరు పెట్టావంటే రేపట్నుంచి పిల్లలందరూ సర్టిఫికెట్ కోసం వచ్చి కూర్చుంటారమ్మా, మా పని ఎవరు చేస్తారు?" అన్నాడు. నెల్లూరు పొగతోటలో ఆస్పత్రుల సందులు తెలిసినవాళ్ళకి ఇట్లాంటి ల్యాబులు కొత్తేం కాదు. కింద మెడికల్ షాపు, పక్కన ఇరుకు మెట్లు, పైన ట్యూబ్‌లైటు వెలుగులో నలుగురైదుగురు తలొంచుకుని పని చేస్తుంటారు. మీ ఊళ్ళో ఉన్న ల్యాబ్‌కి పోయినా నేను చెప్పబోయే దాంట్లో చాలావరకు వర్తిస్తుంది.

ఈ రివ్యూ బీడీఎస్ అయిపోయి, అమెరికాలో అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ సీటుకి (బయటి దేశాల డెంటిస్టులు మొదటి నుంచి చదవకుండా మధ్యలో చేరే సీటు) కాపిడ్ అనే పోర్టల్‌లో అప్లై చేసేవాళ్ళ కోసం. ఇక్కడ బీడీఎస్‌లో చేరేటప్పుడు మనల్ని ఇవేవీ అడగలేదు. నీట్ ర్యాంకు ఎంతని చూశారు, అంతే. వీణ వాయించినా, ఊరంతటికీ రక్తదానం చేసినా కౌన్సెలింగ్‌లో ఒక్క మార్కు కలవదు. అందుకే కాపిడ్‌లో "ఎక్స్‌పీరియెన్సెస్" అనే పేజీ తెరుచుకోగానే మనకి కాళ్ళూ చేతులూ ఆడవు. ఇంటర్న్‌షిప్ తప్ప ఏం రాయాలో తెలీదు. అది అందరూ చేసిందే.

పోనీ ఆ పేజీని వదిలేద్దామా అంటే కుదరదు. ఐఎన్‌బీడీఈ, అంటే అమెరికా డెంటల్ బోర్డు పరీక్ష, రెండు రోజులు, మొత్తం 500 ప్రశ్నలు. అంత చచ్చీ చెడీ రాస్తే వచ్చేది పాస్ లేదా ఫెయిల్, మార్కులు రావు. అంటే పాసైనవాళ్ళంతా ఒకే వరసలో నిలబడతారు. మన బీడీఎస్ మార్కులు ఎప్పుడో ప్రింటయిపోయాయి, వాటినింక మార్చలేం. మిగిలింది లెటర్లు, స్టేట్‌మెంటు, ఈ అనుభవాల పేజీ, ఆ తర్వాత పిలిస్తే ఇంటర్వ్యూ. కొన్ని కాలేజీలు బెంచ్ టెస్ట్ (బల్ల మీద నమూనా పళ్ళతో చేయించే ప్రాక్టికల్) కూడా పెడతాయి. అక్కడ మన చేతిని చూస్తారు.

ల్యాబ్‌కి పోకముందు హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళతో మాట్లాడా. పేరు అనవసరం. ఉచిత కౌన్సెలింగ్ అని జూమ్‌లో కూర్చోబెట్టి చివర్లో అరవై వేల "ప్రొఫైల్ బిల్డింగ్" ప్యాకేజీ విప్పారు. రెండు డెంటల్ క్యాంపులు, ఒక వృద్ధాశ్రమం, ఒక అనాథాశ్రమం, డజను పేర్ల మధ్య నా పేరు ఇరికించే రీసెర్చ్ పేపరు ఒకటి. అన్నింటికీ సర్టిఫికెట్లు. హాబీలేంటని ఆ అమ్మాయి అడిగింది. ముగ్గులేస్తానన్నా. వెంటనే "రంగోలీ ఆర్టిస్ట్, మాన్యువల్ డెక్స్‌టెరిటీ" (చేతి నేర్పు) అని టైప్ చేసుకుంది. నెల్లూరులో సంక్రాంతికి ముగ్గు పడని వాకిలి ఏదబ్బా? ఆ లెక్కన మా వేదాయపాలెం వీధి వీధంతా విమానం ఎక్కాలి. రొట్టెల పండక్కి దర్గా దగ్గర మెడికల్ క్యాంపులుంటాయి కదా, అక్కడ ఏప్రన్ వేసుకుని రెండు ఫోటోలు దిగమని ఇంకో సలహా.

నేను కొనలేదు. నా ఫ్రెండ్ కొనింది. దాని అనుభవం దాని ఇష్టం, ఇక్కడ రాయను. నాకు అడ్డొచ్చింది ఒకటే. కాపిడ్ ఫారంలో ఒక్కో అనుభవానికీ ఎక్కడ చేశావు, ఎవరి కింద చేశావు, వారానికి ఎన్ని గంటలు, నీ పనేంటి అని విడివిడిగా అడుగుతారు. వాళ్ళని మేం సంప్రదించొచ్చా అని కూడా అడుగుతారు. ఫోటో దిగిన క్యాంపుకి వారానికి ఎన్ని గంటలని రాస్తాం?

టెక్సాస్‌లో పుట్టి పెరిగిన మా పెద్దమ్మ కూతురు ఒకతి ఉంది. మామూలు డెంటల్ సీటుకే, అంటే మన బీడీఎస్ లాంటిదానికే అప్లై చేస్తోంది. అక్కడి కాలేజీలకి టీఎండీఎస్ఏఎస్ అని వేరే పోర్టల్. డీఏటీ అనే ప్రవేశ పరీక్ష, దాంతోపాటు డెంటిస్టుల పక్కన నిలబడి చూసిన గంటలు, వాలంటీర్ పని, అన్నీ డిగ్రీ మొదటి ఏడాది నుంచే డైరీలో రాసుకుంటోంది. "అక్కా, నువ్వు ఆల్రెడీ డెంటిస్టువి, నువ్వు షాడోయింగ్ అని రాస్తే ఎవరైనా నవ్వుతారు" అంది. నిజమే. వందల పళ్ళు పీకినదాన్ని ఇంకొకళ్ళ కుర్చీ వెనక నిలబడి చూశానని రాయడం ఏం బాగుంటుంది? కాబట్టి నేను చూసుకున్నది ఒకటే: దీని గురించి ఎవరైనా పది నిమిషాలు గుచ్చి గుచ్చి అడిగితే తడుముకోకుండా మాట్లాడగలనా, లేదా.

అట్లా చూస్తే నాకు అసలేమీ తెలియని చోటు ల్యాబ్. ఐదేళ్ళు కొలతలు (పళ్ళ అచ్చులు) తీసి పంపడమే. ఆ కొలత ఎక్కడికి పోతుందో, దాన్ని చూసి ఎవరు తల పట్టుకుంటారో మనం చూడం. నేను పనిచేసే క్లినిక్ కేసులు ఈ ల్యాబ్‌కే వస్తాయి. ఆ పరిచయంతో పోయి అడిగా. ఓనరన్న చెన్నైలో పని నేర్చుకుని వచ్చినాయన. డబ్బులొద్దన్నాడు. మైనం మాత్రం సొంతంగా తెచ్చుకోమన్నాడు. కస్టమర్ల కేసుల మీద చెయ్యి వేయనివ్వనని కూడా అప్పుడే చెప్పేశాడు. పాత మోడల్స్ (పళ్ళ నమూనాలు) మీద ఎంతైనా ఆడుకోవచ్చు.

మొదట్లో నాకిచ్చిన పని పార్సిళ్ళు విప్పడం. కావలి, గూడూరు, ఆత్మకూరు నుంచి బస్సుల్లో వస్తాయి. ఆల్జినేట్ (నోట్లో పెట్టి అచ్చు తీసే మెత్తటి పదార్థం) కొలతలో వెంటనే స్టోన్ (గట్టిపడే జిప్సం) పోయాలని కాలేజీలో చదివిందే. చదవడం వేరు. ఎండలో బస్సు డిక్కీలో వచ్చిన ఆల్జినేట్‌ని కవర్లోంచి తీస్తే అంచులు ట్రే నుంచి విడిపోయి, పైన చెమట పట్టినట్టు నీటి బొట్లు తేలి ఉంటాయి. దాంట్లో స్టోన్ పోసి, దాని మీద క్రౌన్ చేసి పంపితే నోట్లో ఎక్కదు. అప్పుడు డాక్టరు ల్యాబ్‌ని తిడతాడు. సిలికాన్ పుట్టీతో తీసిన కొలత మాత్రం రాయిలా అట్లాగే ఉంటుంది. ఇప్పుడు నేను క్లినిక్‌లో ఆల్జినేట్ తీసిన పది నిమిషాల్లో పోయకపోతే కాంపౌండర్‌ని నిలబెట్టి అడుగుతున్నా.

ఒకరోజు అన్న నా ముందు ఒక డై (అరగదీసిన పంటి స్టోన్ నమూనా) పెట్టాడు. కింది మొదటి మోలార్ (దవడ పన్ను), మా లెక్కలో ఫోర్ సిక్స్. ఎర్ర పెన్సిల్ చేతికిచ్చి "మార్జిన్ గియ్యమ్మా" అన్నాడు, అంటే క్రౌన్ అంచు ఆగాల్సిన గీత. లూప్ (భూతద్దం) పెట్టుకుని చూశా. బుగ్గ వైపు చక్కగా కనపడుతోంది, నాలుక వైపుకొచ్చేసరికి గీత ఎటుపోయిందో తెలీడం లేదు. చిగురు మీద పడి, కొంచెం చిరిగి, మాయమైపోయింది. "యాడుంది మార్జిను? మేమే ఊహించి గీసుకోవాలంటావా?" అన్నాడు. ఆ కేసు ఎవరిదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంకో దాంట్లో మార్జిన్ అద్దంలా ఉంది కానీ పై పన్నుకీ దీనికీ మధ్య సందే లేదు. మెటల్ మీద సెరామిక్ క్రౌన్‌కి పైన ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లన్నా జాగా కావాలి. అది లేకపోతే ల్యాబ్‌వాళ్ళు సెరామిక్‌ని పల్చగా వేస్తారు, ఆర్నెల్లకు అది పెచ్చులూడుతుంది. లేదా లావుగా చేస్తారు, పేషెంటు "ఎత్తు తగుల్తాంది" అని తిరిగొస్తాడు. "క్లియరెన్స్ లేదు డాక్టర్‌గారూ" అని వాళ్ళు రోజుకెన్ని ఫోన్లు చేస్తారో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. అవతల డాక్టరు "మీరే ఏదోటి చేసేయండి" అనడం కూడా వినపడుతుంది.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం మైనం పని. ఫస్ట్ ఇయర్‌లో మనం చేసిన టూత్ కార్వింగ్‌లో మైనపు దిమ్మెని చెక్కుకుంటూ పోయి పంటిని బయటికి తీస్తాం. ఇక్కడ ఉల్టా. పీకేటీ అనే మైనం పనిముట్టు కొసని స్పిరిట్ దీపంలో వేడి చేసి, మైనం ముట్టించి, డై మీద బొట్టు బొట్టుగా పంటిని కడతారు. ముందు కస్పులకి (పంటి మీది మొనలకి) చిన్న చిన్న శంకువులు నిలబెట్టడం, తర్వాత వాటి మధ్య గట్లు, చివరికి గాడులు. పనిముట్టు మరీ వేడెక్కితే ఇంతకుముందు కట్టిన కస్పు కూడా కరిగి కూలిపోతుంది. చాలకపోతే బొట్టు అంటుకోకుండా ముద్దలా నిలబడుతుంది. ఐదు కస్పులూ లేచాక పైన కాస్త పౌడర్ చల్లి ఆర్టిక్యులేటర్ (పై, కింది మోడల్స్‌ని దవడల్లా కలిపే పరికరం) మూస్తారు. పై పన్ను తగిలిన చోట పౌడర్ పోయి మైనం మెరుస్తుంది. పుస్తకంలో జింక్ స్టియరేట్ అని ఉంటుంది, అక్కడ పాండ్స్ డబ్బా ఉంది. ఆ మెరిసే చుక్కలు ఎక్కడ పడాలో తెలిసిన తర్వాత క్లినిక్‌లో ఆర్టిక్యులేటింగ్ పేపర్ (పేషెంటు కొరికే రంగు కాగితం) గుర్తుల్ని చూసే నా చూపే మారిపోయింది. బెంచ్ టెస్టుల్లో వ్యాక్స్ అప్, అంటే ఈ మైనం పనే, అడిగే కాలేజీలున్నాయి. డబ్బు కట్టి బెంచ్ కోర్సుకి పోయే ముందు ఇట్లాంటి చోట చెయ్యి తిరిగితే మంచిది.

పంటి రంగు సరిచూసే షేడ్ గైడ్ సంగతీ ఇక్కడే అర్థమైంది. క్లాసికల్ గైడ్‌లో మొత్తం 16 రంగులుంటే మా డాక్టర్ల ఫారాల్లో మూడొంతులు ఏ టూ, ఏ త్రీ అనే ఉంటాయి. రాత్రిపూట పసుపు బల్బు కింద చూసి రాసినవే అని అన్న అనుమానం. నాకూ అదే అనిపించింది.

ఇక లోపాలు. ఇన్వెస్ట్‌మెంట్ పొడి (మెటల్ పోయడానికి మైనం చుట్టూ వేసే అచ్చు పొడి), స్టోన్ పొడి గాల్లో ఎప్పుడూ ఉంటాయి. అక్కడి కుర్రాళ్ళు కర్చీఫ్ కట్టుకుని లాగించేస్తారు, మనం అట్లా చేయకూడదు. మోనోమర్ (కట్టుడు పళ్ళ ప్లాస్టిక్ కలిపే ద్రవం) వాసనకి మొదట్లో తలనొప్పి ఖాయం. మే నెలలో బర్నవుట్ ఫర్నేస్ (అచ్చులోని మైనాన్ని కాల్చేసే కొలిమి) ఉన్న గదిలోకి పోతే నెల్లూరు ఎండే నయమనిపిస్తుంది. ఓనరన్న మంచోడే గానీ పండగల ముందు, పెళ్ళిళ్ళ సీజన్లో మనవైపు తలెత్తి కూడా చూడడు. జిర్కోనియా మిల్లింగ్ మెషీన్ వీళ్ళకి లేదు, ఆ కేసులు చెన్నై పోతాయి. డిజిటల్ పని నేర్చుకోవాలంటే ఇది చోటు కాదు. అన్నింటికీ మించి ఇది పేషెంట్లతో చేసే పని కాదు, కాబట్టి దీన్ని క్లినికల్ గంటల్లో కలిపి రాయకూడదు. నేను విడిగా వాలంటీర్ కిందే పెట్టా.

సర్టిఫికెట్ ఇవ్వరు. నేను అడిగింది ఒక ఉత్తరం. ఏ నెల నుంచి ఏ నెల వరకు, వారానికి ఎన్ని గంటలు, ఏ పని చేసింది. ఆయన లెటర్‌హెడ్ మీద ఆయన మాటల్లోనే రాయించి, తెలుగులో సంతకం పెట్టాడు. ఫోన్ నంబరు కూడా ఇచ్చి "ఫోన్ చేస్తే ఇంగిలీషులో మాట్లాడాలా?" అని కంగారుపడ్డాడు. ఇప్పటిదాకా ఎవరూ చేయలేదు.

ల్యాబ్‌తో పాటు నేను రాసిన రెండోది కనిగిరి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరి బడి. ఆ వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. తాగే నీళ్ళలో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. చిగురు లోపల ఎనామిల్ తయారయ్యే వయసులోనే దెబ్బ తగులుతుంది కాబట్టి ఆరేడేళ్ళకి కొత్త పళ్ళు మచ్చలతోనే బయటికొస్తాయి. పిల్లలు వాటిని తోమి తోమి పోగొట్టాలని చూస్తారు. అక్కడ క్యాంపు పెట్టి పేస్టులు పంచి ఫోటో దిగడం ఒక పద్ధతి. నేను చేసింది సెలవులకి పోయినప్పుడల్లా అదే పిల్లల్ని మళ్ళీ మళ్ళీ చూసి, డీన్ ఇండెక్స్ (ఫ్లోరైడ్ మచ్చల తీవ్రతకి వేసే గ్రేడు) ప్రకారం పుస్తకంలో రాసుకోవడం. వాళ్ళ అమ్మలతో ఏ నీళ్ళు తాగుతున్నారు, ఏ నీళ్ళతో వండుతున్నారు అని మాట్లాడటం. తాగడానికి ప్లాంటు నీళ్ళు తెచ్చుకున్నా అన్నం, పప్పు బోరు నీళ్ళతోనే ఉడుకుతాయి. ఈ ముక్క వాళ్ళతో కూర్చుంటేనే తెలుస్తుంది, ఫారం నింపితే తెలీదు.

వీడియో ఇంటర్వ్యూలో ఏమడిగారంటే, క్యాంపుల గురించి కాదు, ఇంటర్న్‌షిప్ గురించి కూడా ఎక్కువ కాదు. ల్యాబ్‌తో నీకు విభేదం వస్తే ఎట్లా సర్దుకుంటావని ఒకాయన అడిగాడు. నేను ఆ మాయమైన నాలుక వైపు మార్జిన్ గురించి చెప్పా. ఆయన కుర్చీలో ముందుకి జరిగి, అయితే ఆ కేసుని నువ్వే డాక్టరైతే ఏం చేసేదానివి, కార్డ్ (చిగురుని పక్కకి నెట్టే దారం) ఎట్లా పెట్టేదానివి, మళ్ళీ కొలత తీసేదానివా అని వరసగా అడుగుతూ పోయాడు. ఇచ్చిన టైమ్ అందులోనే అయిపోయింది. ఫలితం ఇంకా రాలేదు. వచ్చినా రాకున్నా ల్యాబ్‌కి నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఆ ఒకటి తగ్గించింది పొడికి.

పోదలచుకున్నవాళ్ళు మధ్యాహ్నం భోజనాలయ్యాక పోండి. పొద్దున పార్సిళ్ళొచ్చే టైమ్‌లో ఎవరూ మాట్లాడరు. గట్టి ఎన్95 మాస్కు, సొంత పీకేటీ సెట్టు, ఇన్లే మైనం తీసుకుపోండి. కాపిడ్ మార్చిలో తెరుచుకుంటుంది కాబట్టి ఫిబ్రవరిలో పోయి కూర్చుంటే లాభం లేదు. ముందు ఏడాది వానాకాలంలోనే మొదలుపెట్టండి, ఎండలూ తప్పుతాయి. అమ్మాయిలైతే మోడల్ ట్రిమ్మర్ (మోడల్స్‌ని అరగదీసే మెషీన్) దగ్గర చున్నీ గట్టిగా ముడేసుకుని నిలబడండి. బోర్డు ఏమీ ఉండదు, అన్న కూడా చెప్పడం మర్చిపోతాడు.